పావు మిల్లీ ఆంపియర్ కూడా అక్కర్లేని దీపం

నిడమనూరు, హాలియా, మిర్యాలగూడ వైపు ఏ చేను గట్టుకు వెళ్లినా బోరు మోటారు దగ్గర ఒక ఇనప డబ్బా, అందులో స్టార్టర్, డబ్బా మూత సందులో దోపిన ఒక టెస్టర్ కనిపిస్తాయి. ముప్పయ్యో నలభయ్యో పెడితే వచ్చే వస్తువు. స్క్రూలు తిప్పీ తిప్పీ మొన అరిగిపోయి ఉంటుంది. దాని పిడిలో సెంటీమీటరు పొడవున్న గాజు బుడ్డి ఒకటుంది. మొన వైరుకు ఆనించి, పైన బొటనవేలు పెడితే అందులో నారింజ ఎరుపు వెలుగు మినుకుమంటుంది. ఫేజు ఉందన్నమాట. వెలగకపోతే కరెంటు లేదని అనుకుంటాం. ఆ అనుకోవడంలో ఎంత నిజముందో చివర్లో చూద్దాం. ముందు వెలుగు లెక్క.

మనకు వచ్చేది 230 వోల్టులు. వెలుగుతున్న బుడ్డిలోని రెండు తీగల మధ్య నిలిచేది ఇంచుమించు 60 వోల్టులు. మిగతా 170 వోల్టులను దాని వెనకే వరసలో కూర్చున్న చిన్న రెసిస్టర్ భరిస్తుంది. ఆ రెసిస్టర్ విలువ సాధారణంగా 10 లక్షల ఓముల దరిదాపుల్లో ఉంటుంది. 170ని 10 లక్షలతో భాగించండి: 0.17 మిల్లీ ఆంపియర్లు. దాన్ని 60 వోల్టులతో గుణించండి: 10 మిల్లీవాట్లు. వంటింట్లో వేలాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తినేదాంట్లో 900వ వంతు. ఈ బుడ్డి మట్టుకే లెక్కగడితే ఒక్క యూనిట్ కరెంటుతో రాత్రింబవళ్లు పదకొండేళ్లు వెలుగుతుంది.

ఆ 0.17 మిల్లీ ఆంపియర్లు వెళ్లే దారి మన ఒళ్లే. బొటనవేలి గుండా ఎక్కి, పాదాల గుండా భూమిలోకి దిగుతుంది. మనకు తెలియదు, ఎందుకంటే అర మిల్లీ ఆంపియర్ దాకా మనిషికి స్పర్శ తగలదు. పది దగ్గర పట్టుకున్న వైరును వదలలేని స్థితి వస్తుంది. ఇళ్లలో ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ 30 దగ్గర కొట్టేస్తుంది. తడి మడిలో ఉత్త కాళ్లతో నిలబడ్డ మనిషి ఒంటి నిరోధం వెయ్యి, పదిహేను వందల ఓములే. ఆ రెసిస్టర్ అడ్డు లేకపోతే 150 మిల్లీ ఆంపియర్లకు పైగా పారుతుంది. కాబట్టి టెస్టర్‌లో ప్రాణం కాపాడేది బుడ్డి కాదు, బుడ్డి వెనక ఉన్న రెసిస్టర్. పిడి పగిలిన టెస్టర్‌ను, నీళ్లలో పడి లేచిన టెస్టర్‌ను పారేయమనేది ఇందుకే: తడి ఆ రెసిస్టర్‌ను దాటి పక్కదారి ఇచ్చేస్తుంది.

చెప్పులు వేసుకున్నా, బల్ల మీద నిలబడినా టెస్టర్ ఎందుకు వెలుగుతుందని చాలామంది అడుగుతారు. మనిషి ఒళ్లూ నేలా కలిసి ఒక చిన్న కెపాసిటర్. దాని విలువ 100 పికోఫారడ్ల దగ్గర ఉంటుందనుకుంటే, 50 సైకిళ్ల కరెంటుకు అది 3 కోట్ల ఓములకు పైగా అడ్డు. పారేది ఒక మిల్లీ ఆంపియర్‌లో నూరో వంతు కన్నా తక్కువ. అయినా వెలుగు కనిపిస్తుంది, మసగ్గా. ఇంత తక్కువకూ వెలగడమే నియాన్ దీపం గొప్ప.

గదిలో అర లీటరు

నియాన్ ఎక్కణ్నుంచి వస్తుంది? మనం పీల్చే గాలిలోంచే. గాలిలో పది లక్షల పాళ్లకు 18 పాళ్లు నియాన్. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో 28,317 లీటర్ల గాలి పడుతుంది. అందులో ఆర్గాన్ 264 లీటర్లు, అంటే పెద్ద నీళ్ల డ్రమ్ము నిండా. నియాన్ అర లీటరు. హీలియం 150 మిల్లీలీటర్లు. క్రిప్టాన్ 32 మిల్లీలీటర్లు. జినాన్ రెండున్నర మిల్లీలీటర్లు, అరచెంచా. ఈ అయిదింటికీ ఒకటే బుద్ధి: మామూలుగా ఎవరితోనూ కలవవు. వీటి పరమాణువుల చుట్టూ ఎలక్ట్రాన్ల గడులు నిండి ఉంటాయి గనక ఇవ్వడానికీ లేదు, పుచ్చుకోవడానికీ లేదు. బడి పుస్తకాల్లో జడ వాయువులని చదువుకున్నవి ఇవే. ఆరోదైన రాడాన్ రేడియోధార్మికం. దీపాల కథలో దానికి పాత్ర లేదు.

ఒక లీటరు నియాన్ కావాలంటే సుమారు 55,000 లీటర్ల గాలిని చల్లార్చి ద్రవం చేసి వడగట్టాలి. ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంది, ఆర్గాన్ మైనస్ 186, నైట్రోజన్ మైనస్ 196. అంత చలికి కూడా నియాన్ వాయువుగానే మిగిలిపోతుంది. అది మైనస్ 246 దాకా లొంగదు. అందుకే ఉక్కు కర్మాగారాలకు ఆక్సిజన్ తీసే భారీ ప్లాంట్లలో నియాన్ ఒక మిగులు సరుకు. దానికోసమని ప్రత్యేకంగా ఎవరూ గాలిని ద్రవం చేయరు.

అయితే దీపంలో పట్టేది చాలా తక్కువ. బోర్డులకు వాడే నియాన్ గొట్టంలో వాయువు పీడనం బయటి గాలి పీడనంలో ఏ డెబ్బయ్యో వంతో, ఎనభయ్యో వంతో. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లున్న గొట్టం మీటరు పొడవుకు మామూలు పీడనంలో ఒకటిన్నర మిల్లీలీటర్ల నియాన్ చాలు. మన గదిలో ఉన్న అర లీటరుతో మూడు వందల మీటర్లకు పైగా బోర్డు గొట్టాలు నింపవచ్చు.

ఖాళీ ఉంటేనే పరుగు

పీడనం అంత తగ్గించడం ఎందుకు? దీపం రహస్యమంతా అక్కడే ఉంది.

గొట్టం రెండు కొసల మధ్య వోల్టేజీ పెడితే లోపల ఎక్కడో ఉన్న ఒకటీ అరా ఎలక్ట్రాన్లు పరుగందుకుంటాయి. వాయువు దట్టంగా ఉంటే రెండడుగులు వేయకముందే ఒక పరమాణువుకు తగిలి, ఉన్న కాస్త వేగం పోగొట్టుకుంటాయి. దురాజ్‌పల్లి లింగమంతుల జాతరలో జనం మధ్య పరుగెత్తబోయినట్టే. వాయువు పలచబడితే ఎలక్ట్రాన్‌కు దూరం దొరుకుతుంది, ఊపు వస్తుంది. నియాన్ పరమాణువును కదిలించాలంటే ఆ ఊపు కనీసం 16.6 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. దాన్నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే 21.6. ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్టు దాటితే సంపాదించే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు. ఊడిన ప్రతి ఎలక్ట్రాన్ మళ్లీ పరుగు తీసి ఇంకొకదాన్ని ఊడగొడుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, క్షణంలో వాయువంతా కరెంటుకు దారి ఇస్తుంది. అప్పటిదాకా అడ్డుగోడలా నిలిచిన వాయువు అప్పటినుంచి తీగలా ప్రవర్తిస్తుంది. దాన్ని అదుపు చేయకపోతే కరెంటు పెరుగుతూనే పోతుంది. టెస్టర్‌లో రెసిస్టర్, ట్యూబ్‌లైట్‌కు చోక్, నియాన్ బోర్డుకు ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది ఆ అదుపు కోసమే.

ఎరుపు రంగు ఎందుకంటారా? పైకి ఎగిరిన ఎలక్ట్రాన్ తిరిగి దిగేటప్పుడు ఒక్కసారిగా దిగదు, మెట్టు మెట్టుగా దిగుతుంది. నియాన్‌లో ఆ మెట్లలో కొన్నింటి ఎత్తు రెండు ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ శక్తి 585, 614, 640, 650 నానోమీటర్ల వెలుగుగా బయటపడుతుంది. ఇవన్నీ పసుపు నారింజ నుంచి ఎరుపు దాకా ఉండే గీతలు. గాజుకు రంగేమీ పూయలేదు. ఆర్గాన్ ఊదా నీలంగా, హీలియం గులాబీ ఛాయలో, క్రిప్టాన్, జినాన్ పాలిపోయిన తెలుపు నీలాల్లో వెలుగుతాయి. ఆకుపచ్చ, పసుపు బోర్డులను నియాన్ బోర్డులని పిలుస్తాం గానీ వాటిలో చాలావాటిలో ఉండేది ఆర్గాన్, చిటికెడు పాదరసం. రంగు గాజుదో, లోపల పూసిన పొడిదో.

ఇంకొక్క సంగతి చెప్పాలి. మామూలు లోహపు తీగల మధ్య స్వచ్ఛమైన నియాన్ వెలగాలంటే 200 వోల్టులకు పైగా కావాలి. టెస్టర్ బుడ్డి 65 నుంచి 90 వోల్టుల మధ్యే అందుకుంటుంది. దీనికి రెండు కిటుకులు. తీగలకు ఎలక్ట్రాన్లు సులువుగా వదిలే పూత పూస్తారు. నియాన్‌లో ఆర్గాన్‌ను నూటికి ఒక వంతు లోపే కలుపుతారు. ఆర్గాన్ నుంచి ఎలక్ట్రాన్ ఊడటానికి 15.8 చాలు. 16.6 సంపాదించి ఏం చేయాలో తోచక నిలిచిపోయిన నియాన్ పరమాణువు పక్కనున్న ఆర్గాన్‌ను తాకితే ఆ ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. 1920ల్లో నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ కంపెనీలో పనిచేసిన ఫ్రాన్స్ పెన్నింగ్ ఈ సంగతి పట్టుకున్నాడు. ఆ 16.6కూ ఈ 15.8కూ మధ్య ఉన్న 0.8 తేడా మీద మన చేను గట్టు టెస్టర్ బతుకుతోంది.

నీడ మన మీదుగానే వెళ్లింది

ఈ వాయువుల కుటుంబంలో మొదట దొరికింది నేల మీద కాదు, సూర్యుడి మీద. దొరికింది తెలుగు నేల మీంచి చూస్తుండగా.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో దిగాడు. బ్రిటిష్ బృందంతో మేజర్ టెనంట్ కూడా గుంటూరులోనే ఉన్నాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి అప్పటి నిజాం రాజ్యంలోని వనపర్తిలో పరికరాలు పెట్టుకున్నాడు. పటం మీద వనపర్తి నుంచి గుంటూరుకు ఒక గీత గీయండి. నిడమనూరు ఆ గీతకు ఉత్తరంగా అరవై కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆనాటి నీడ వెడల్పు రెండు వందల కిలోమీటర్ల పైమాట. అంటే ఆ ఉదయం నల్లగొండ జిల్లా దక్షిణాన నాట్లు వేస్తున్నవాళ్లకూ పట్టపగలే చీకటి పడి ఉండాలి.

గ్రహణవేళ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును పట్టకంతో విడదీస్తే పసుపు ప్రాంతంలో ఒక గీత కనిపించింది. సోడియం ఇచ్చే జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇది 587.6 దగ్గర ఉంది. తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. చాలామంది దీన్ని సోడియం అనే అనుకున్నారు. సోడియం గీత కాస్త పక్కకు జరిగిందేమోనన్న అనుమానం మచిలీపట్నం నుంచి చూసిన పోగ్సన్ రాతల్లో ఉంది. జాన్సెన్ గుంటూరులో హీలియం కనిపెట్టాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. నిక్కచ్చిగా చెప్పాలంటే ఆయన కొత్త మూలకం అనలేదు. ఆయన ఘనత వేరే: ఆ గీతలు ఎంత గట్టిగా వెలిగాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని ఆయనకు అక్కడికక్కడే తట్టింది, మర్నాడే చూశాడు. రెండు నెలలకు ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే పద్ధతిని సొంతంగా కనిపెట్టి, ఆ పసుపు గీత భూమ్మీద ఎవరూ ఎరగని మూలకానిదని వాదించాడు. దానికి హీలియం అని పేరు పెట్టారు. 27 ఏళ్లకు, 1895లో, విలియం రామ్సే లండన్‌లో ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును పట్టి చూపించాడు.

రామ్సే అప్పటికే ఒకటి పట్టాడు. గాలిలోంచి తీసిన నైట్రోజన్ లీటరుకు 1.257 గ్రాములు తూగుతోందనీ, రసాయనాల నుంచి తీసింది 1.251 గ్రాముల దగ్గరే ఆగుతోందనీ లార్డ్ రేలీ గమనించాడు. ఆరు మిల్లీగ్రాముల తేడా. ఇంకొకరైతే తూకంలో పొరపాటని వదిలేసేవారు. వీళ్లిద్దరూ వదల్లేదు, 1894లో ఆర్గాన్ దొరికింది. తర్వాత 1898 మే నుంచి జులై లోపు రామ్సే, ఆయన సహచరుడు మోరిస్ ట్రావర్స్ కలిసి క్రిప్టాన్, నియాన్, జినాన్ మూడింటినీ వరసగా బయటికి లాగారు. 1904లో రామ్సేకు రసాయనశాస్త్రంలో, రేలీకి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చాయి.

నియాన్ ఎర్ర వెలుగును లోకంలో మొదట చూసిన ఆ ఇద్దరూ, రామ్సే, ట్రావర్స్, మన దేశానికి వచ్చారు. జంషెట్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థకు చోటు చూడమంటే 1900-01లో దేశమంతా తిరిగి బెంగళూరును సూచించింది రామ్సే. ఆ సంస్థకు, అంటే ఇవాళ్టి ఐఐఎస్‌సీకి, 1906లో మొదటి డైరెక్టరుగా వచ్చింది ట్రావర్స్. ఏటా అక్కడ సీటు కోసం పోటీ పడే తెలుగు పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో!

నల్లగొండ కింద పుడుతున్న వాయువులు

హీలియం యురేనియం ఖనిజంలో ఎందుకు దొరికింది? యురేనియం పరమాణువు సీసంగా మారేలోగా ఎనిమిది ఆల్ఫా కణాలను వదులుతుంది. ప్రతి ఆల్ఫా కణమూ రెండు ఎలక్ట్రాన్లు దొరికితే హీలియం పరమాణువే. నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టుల కింద యురేనియం నిక్షేపాలున్న సంగతి నల్లగొండ జిల్లాలో అందరికీ తెలుసు. గనుల ప్రతిపాదన మీద జనం ఎంత గట్టిగా ఎదురు తిరిగారో కూడా తెలుసు. తవ్వినా తవ్వకపోయినా అక్కడ హీలియం పుడుతూనే ఉంది. ఎంత? ఒక టన్ను యురేనియానికి ఏడాదికి 0.12 మిల్లీలీటర్లు. నాలుగైదు చుక్కల నీరు పట్టే చోటు కూడా అక్కర్లేదు.

ఆర్గాన్ కథ ఇంకా దగ్గరిది. మన గులాబీ రంగు గ్రానైట్‌లో పొటాషియం దండిగా ఉంటుంది. అందులో పదివేలకు ఒక వంతు పొటాషియం-40. దాని సగం క్షీణించడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది, క్షీణించినదాంట్లో పదో వంతు పైచిలుకు ఆర్గాన్ అవుతుంది. గాలిలో ఉన్న ఆర్గాన్‌లో 99.6 శాతం ఇలా రాళ్లలో పుట్టి బయటికొచ్చినదే. గదికి 264 లీటర్లు అందుకే. నియాన్‌ను రాళ్లు ఆ స్థాయిలో పుట్టించవు. విశ్వంలో బాగా ఎక్కువగా ఉన్న అయిదారు మూలకాల్లో నియాన్ ఒకటి. భూమి తయారయ్యేటప్పుడు ఏ రాయితోనూ కలవక, తేలికగా ఉండి, చాలావరకు జారిపోయింది. మనకు మిగిలింది గదికి అర లీటరు.

ఒక్కో దీపం ఆరిపోతూ

1910 డిసెంబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో జార్జ్ క్లాడ్ అనే ఆయన సుమారు 12 మీటర్ల పొడవున్న రెండు నియాన్ గొట్టాలు వెలిగించి చూపాడు. గాలిని ద్రవం చేసే వ్యాపారం ఆయనది. మిగిలిపోతున్న నియాన్‌ను ఏం చేయాలో తోచక వెతికిన దారి అది. ఆ దారి ప్రపంచంలోని నగరాల రాత్రులనే మార్చేసింది. బోర్డుకు 15,000 వోల్టుల దాకా ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, గొట్టంలో 30 మిల్లీ ఆంపియర్లు, మంట మీద గాజును అక్షరంగా వంచే చేతి పనివాడు: ఈ మూడూ ఉంటేనే నియాన్ బోర్డు. ఇప్పుడు సూర్యాపేట, కోదాడల దగ్గర హైవే హోటళ్ల మీద మెరిసే నియాన్ బోర్డులు ప్లాస్టిక్ తొడుగులో కూర్చిన ఎల్‌ఈడీలు. 12 వోల్టులతో నడుస్తాయి, కత్తెరతో కత్తిరించుకోవచ్చు, తాకినా ఏమీ కాదు. వాటిలో నియాన్ ఉందా అంటే ఉంది, చుట్టూ గాలిలో ఉన్నంత.

ట్యూబ్‌లైట్‌ది ఇంకో తీరు. అందులో వెలుగు మూలం పాదరసపు ఆవిరి. అది ఇచ్చే 254 నానోమీటర్ల అతినీల కిరణాలను గొట్టం లోపలి తెల్లపొడి మామూలు వెలుగుగా మారుస్తుంది. దానితోపాటు నింపే ఆర్గాన్ పని పాదరసం వేడెక్కేదాకా ఎలక్ట్రాన్ల పరుగు నడిపించడం. ఇక పక్కన తిప్పి బిగించే స్టార్టర్ ఉంటుంది చూడండి, దాని లోపల కూడా ఒక జడవాయువు బుడ్డే. స్విచ్ వేయగానే అందులో మెరుపు పుట్టి, ఆ వేడికి లోపలి రెండు లోహాల పట్టీ వంగి, తీగలు కలిసి, విడిపోతాయి. విడిపోయిన క్షణాన చోక్ కొట్టే దెబ్బకు ట్యూబ్ అందుకుంటుంది. అందుకున్నాక నాలుగడుగుల ట్యూబ్ మీద నిలిచేది వంద వోల్టులే. స్టార్టర్ బుడ్డి వెలగడానికి అది చాలదు, అందుకే ఊరుకుంటుంది. ఎండాకాలం రాత్రి మోటార్లన్నీ ఒక్కసారి వేసి ఊళ్లో వోల్టేజీ 160కి పడినప్పుడు చోక్ దెబ్బలో బలం ఉండదు. స్టార్టర్ కొడుతూనే ఉంటుంది, ట్యూబ్ రెండు కొసలూ ఎర్రబడి ఊరుకుంటుంది. ఆ అవస్థ పడని తెలుగు పల్లె లేదు.

వీధుల్లో సోడియం దీపాలు పసుపు పచ్చగా ఏలాయి. సాయంత్రం వేయగానే మొదట పాలిపోయిన నీలి తెలుపులో వణికేవి, నాలుగైదు నిమిషాలకు పసుపు ముదిరేది. ఆ మొదటి నీలి వెలుగు జినాన్‌ది. సోడియం ఆవిరయ్యేదాకా పని నడిపి, తర్వాత పక్కకు తప్పుకుంటుంది. గుంటూరు గ్రహణంలో కనిపించిన గీతను చాలామంది ఏ గీతగా పొరబడ్డారో ఆ 589 గీతే ఈ పసుపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కూల్చాక, కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ అక్కడ 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చింది. 2015 జనవరిలో అదే పని దేశవ్యాప్త పథకమైంది. పసుపు రాత్రులు పోయి తెల్ల రాత్రులు వచ్చాయి. కరెంటు బిల్లు సగానికి దిగితే ఎవరు కాదంటారు?

సినిమా హాళ్లలోనూ అంతే. ఒకప్పుడు ప్రొజెక్టర్‌లో కార్బన్ కడ్డీలు మండేవి. ఆపరేటర్ రీలు రీలుకూ వాటిని సరిచేసుకుంటూ ఉండాల్సిందే. తర్వాత జినాన్ దీపం వచ్చింది. గదికి రెండున్నర మిల్లీలీటర్లే ఉన్న వాయువును చిన్న క్వార్ట్జ్ బుడ్డిలో గాలి పీడనానికి పదింతలు కుక్కుతారు. వేడెక్కితే అది రెండు మూడింతలవుతుంది. అందుకే దాన్ని మార్చేవాళ్లు ముఖానికి కవచం, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుంటారు. పాతిక, ముప్పై వోల్టుల దగ్గర వంద ఆంపియర్ల వరకూ లాగి, పగటి వెలుగులాంటి తెలుపు ఇచ్చేది. ఇప్పుడు దాని చోటుకు లేజర్ వచ్చింది.

బోర్డుల నుంచి వెళ్లిపోయిన నియాన్ ఇంకో చోట తేలింది. కంప్యూటర్, ఫోన్ చిప్‌ల మీద గీతలు గీసే లేజర్లలో 193 నానోమీటర్ల వెలుగు ఇచ్చేవి ఆర్గాన్, ఫ్లోరిన్. కానీ ఆ గొట్టంలో నూటికి 95 పాళ్లకు పైగా ఉండేది నియాన్. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యేనాటికి ప్రపంచానికి ఆ నాణ్యత గల నియాన్‌లో సగం దాకా మరియుపోల్, ఒడెసా నగరాల్లోని కంపెనీలే శుద్ధి చేసేవి. సోవియట్ కాలపు ఉక్కు కర్మాగారాల మిగులు గాలి అది. మరియుపోల్ కూలింది, నియాన్ ధర ఆకాశానికి లేచింది. ఏ పనికీ రాదని క్లాడ్ కాలంలో వదిలేసిన వాయువు కోసం చిప్‌ల కంపెనీలు ప్రపంచమంతా వెతికాయి.

టెస్టర్ చెప్పనిది

మళ్లీ మన టెస్టర్ దగ్గరికి. వెలుగు కోసమైతే ఎల్‌ఈడీ ముందు నియాన్ నిలవదు. కబురు కోసమైతే ఇప్పటికీ నియాన్‌దే పైచేయి: బ్యాటరీ అక్కర్లేదు, ఏళ్ల తరబడి చెడదు, మిల్లీ ఆంపియర్‌లో నూరో వంతుకే పలుకుతుంది. కానీ ఆ సున్నితత్వమే మోటారు దగ్గర మోసం చేస్తుంది. రైతులు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే గనక కాస్త ఓపిగ్గా చూడండి.

ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ వైపు మూడు హెచ్‌జీ ఫ్యూజులుంటాయి. గాలివానకు అందులో ఒకటి పోయిందనుకోండి. కిందివైపు మూడు ఫేజుల్లో ఒకటి 230 దగ్గరే ఉంటుంది, మిగిలిన రెండూ సగానికి, 115 దగ్గరికి పడతాయి. టెస్టర్ బుడ్డికి 65 నుంచి 90 చాలు కదా, మూడింటి దగ్గరా వెలుగుతుంది. 115 దగ్గర దానిలో పారేది 0.055 మిల్లీ ఆంపియర్లు, మామూలుగా పారేదాంట్లో మూడో వంతు. మసక వెలుగే, కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ తేడా కంటికి ఆనదు. కిందివైపే ఒక ఫేజు ఫ్యూజు పోయినా కథ అలాగే ఉంటుంది: అదే లైనుకు కలిసి ఉన్న పక్క చేను మోటారు వైండింగ్ గుండా చచ్చిన ఫేజులోకి వెనక నుంచి వోల్టేజీ వస్తుంది. మూడూ ఉన్నాయి కదా అని స్టార్టర్ నొక్కితే మోటారు గుర్రుమని కదలదు, నిమిషాల్లో వైండింగ్ కాలిపోతుంది. ఇక ఫేజు వైరు పక్కనే ఇరవై మీటర్లు పరిచిన, ఎక్కడా కలపని ఉత్త వైరు కూడా టెస్టర్‌ను వెలిగించగలదు.

వెలగకపోవడం ఇంకా ప్రమాదం. బుడ్డి పగిలి ఉండొచ్చు, స్ప్రింగ్ తుప్పు పట్టి ఉండొచ్చు, ఎండలో వెలుగు కనపడకపోవచ్చు. అప్పుడు వైరులో 230 వోల్టులు ఉంటాయి, టెస్టర్ మాత్రం నల్లగా ఉంటుంది. లైన్‌మన్లు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నాక కూడా లైనును భూమికి కలపకుండా చెయ్యి పెట్టకూడదన్న నియమం ఉంది.

కాబట్టి వైరు ముట్టుకునే ముందు టెస్టర్‌ను కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి చూడండి. తర్వాత మీరు పనిచేయబోయే చోట చూడండి. మళ్లీ ఒకసారి తెలిసిన చోట చూడండి. అది వెలగలేదన్న ఒక్క మాట నమ్మి మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టకండి. మోటారు దగ్గర మూడు ఫేజులూ సరిగా ఉన్నాయో లేదో తేల్చడానికి టెస్టర్‌ను అసలు వాడకండి. నాలుగైదు వందలకు మల్టీమీటరు దొరుకుతుంది. వాడటం తెలిసినవాళ్ల చేత ఫేజుకూ ఫేజుకూ మధ్య మూడు జతల్లోనూ కొలిపించండి. మూడింట్లోనూ 415 వోల్టులకు దగ్గరగా వస్తేనే స్టార్టర్ నొక్కండి. ఒక్క జతలో తేడా కనిపించినా మోటారు వేయకుండా లైన్‌మన్‌కు ఫోన్ చేయండి.